రోమన్ వెండి నాణేలు ఒక్కో సైజులో, ఒక్కో ఆకారంలో ఎందుకుంటాయి? నకిలీలని అనుమానించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంగ్లండ్‌లో ఒక నాణేల మేళాలో మీరు నాలుగు రోమన్ వెండి నాణేలు కొన్నారు. టైబీరియస్ చక్రవర్తి నాణెం 3.7 గ్రాములుంది, కానీ కోడిగుడ్డులా ఒక పక్కకు సాగి, అంచు పగిలి ఉంది. సెప్టిమియస్ సెవెరస్ నాణెం దానికన్నా వెడల్పు, అయినా 2.9 గ్రాములే తూగింది. మూడోదానికి అంచు చుట్టూ రంపపు పళ్ళలాంటి గాట్లున్నాయి. హొనోరియస్ పేరు చెప్పి అమ్మిన నాలుగోది 13 మిల్లీమీటర్లే, చుట్టూ అక్షరాలే లేవు. "అంత పెద్ద సామ్రాజ్యానికి ఒక స్టాండర్డ్ లేదా? ఇవన్నీ నకిలీలా?" అని అడిగారు. చివర్లో, నల్గొండ దగ్గర పొలంలో దొరికాయంటూ ఎవరో ఫోన్‌లో రోమన్ నాణేలు అమ్మజూపుతున్నారని, కొనొచ్చా అని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. మీరు రాసిన వివరాల్లో నకిలీ అనిపించేది ఏదీ లేదు. రోమన్లు స్టాండర్డ్ పెట్టుకున్నది బరువుకీ, వెండి మేలిమికీ. వెడల్పునూ గుండ్రదనాన్నీ వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. ఆ బరువు కూడా కాలాన్నిబట్టి మారింది. కాబట్టి ఒక నాణెం సరైనదా కాదా అని చూడాలంటే ముందు అది ఏ కాలానిదో తేల్చుకుని, ఆ కాలపు బరువుతో పోల్చాలి. వెడల్పు చూసి అనుమానించడం మొదలుపెడితే మంచి నాణేలన్నీ నకిలీల్లాగే కనిపిస్తాయి. నల్గొండ నాణేలు మాత్రం కొనకండి. దాని సంగతి చివర్లో రాస్తాను.

నేను చాలా ఏళ్ళుగా రోమన్ వెండి సేకరిస్తున్నాను. మా ఊరి మ్యూజియంలో వాలంటీరుగా నాణేలు తూచి, కొలిచి, రికార్డు రాసే పని కూడా చేస్తుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు అందరికన్నా ముందు అడిగేది ఈ ప్రశ్నే.

మనం జేబులో వేసుకు తిరిగే రూపాయి బిళ్ళలన్నీ ఒకేలా ఉండటానికి కారణం, ముద్ర కొట్టేటప్పుడు బిళ్ళ చుట్టూ ఒక ఉక్కు వలయం ఉంటుంది. లోహం ఆ వలయం దాటి బయటికి పోలేదు. రోమన్ టంకశాలలో ఆ వలయం లేదు. వెండి కరిగించి బిళ్ళలు తయారు చేసేవారు. బొమ్మ వైపు అచ్చు దాగలిలో బిగించి ఉండేది. దానిమీద బిళ్ళ పెట్టి, బొరుసు వైపు అచ్చును పైన చేత్తో పట్టుకుని, సుత్తితో కొట్టేవారు. దెబ్బ పడగానే వెండి ఎటు దారి దొరికితే అటు సాగుతుంది. ఒకే గరిటెతో పోసిన అట్లు ఒకటి వెడల్పుగా, ఒకటి మందంగా వచ్చినట్టే ఇదీ. దెబ్బ వాలుగా పడితే నాణెం ఒక పక్కకు సాగుతుంది. బిళ్ళ సరిగా వేడెక్కకపోతే అంచు పగులుతుంది. బిళ్ళ అచ్చు మధ్యలో కూర్చోకపోతే చక్రవర్తి ముక్కో, తలవెనక అక్షరాలో బయటికి పోతాయి.

లెక్క వేసి చూస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 3.8 గ్రాముల మంచి వెండిని 18 మిల్లీమీటర్ల వెడల్పున చదును బిళ్ళగా చేస్తే మందం 1.4 మిల్లీమీటర్లు వస్తుంది. అదే వెండి 20 మిల్లీమీటర్లకు సాగితే మందం 1.15 దగ్గర ఉంటుంది. అంటే మందంలో పావు మిల్లీమీటరు తేడా వస్తే చాలు, వెడల్పు రెండు మిల్లీమీటర్లు మారిపోతుంది. ఆ పావు మిల్లీమీటరు కంటికి ఆనదు, ఆ రెండు మిల్లీమీటర్లు మాత్రం కొట్టొచ్చినట్టు కనబడతాయి. మ్యూజియంలో ఒకే చక్రవర్తి నాణేలు ఒక ట్రేలో వరసగా పెడితే చూడటానికి అన్నీ వేర్వేరు సైజులు. త్రాసులో పెడితే చాలామటుకు దగ్గరదగ్గరగా తూగుతాయి.

ఇక బరువు సంగతి. డెనారియస్ అనే వెండి నాణెం క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హన్నిబల్‌తో యుద్ధం జరుగుతున్న రోజుల్లో మొదలైంది. మొదట రోమన్ పౌండు వెండికి 72 నాణేలు. రోమన్ పౌండు అంటే మన లెక్కలో దాదాపు 325 గ్రాములు, కాబట్టి ఒక్కోటి నాలుగున్నర గ్రాములు. కొద్దికాలానికే పౌండుకు 84 చేశారు. అంటే 3.9 గ్రాములు. ఈ 84 లెక్క అగస్టస్, టైబీరియస్ దాకా రెండు శతాబ్దాలకు పైగా నిలబడింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడండి. టంకశాలవాళ్ళు ప్రతి వెండి నాణేన్నీ విడిగా తూచి సరిచెయ్యలేదు. పౌండు వెండికి 84 రావాలి, అంతే. అందులో ఒకటి 3.6 ఉన్నా, ఇంకొకటి 4.0 ఉన్నా మొత్తం సరిపోతే చాలు. బంగారు ఆరియస్ విషయంలో మాత్రం బిళ్ళ బిళ్ళకూ శ్రద్ధ ఎక్కువ, ఎందుకంటే బంగారంలో చిటికెడు తేడా వచ్చినా నష్టం పెద్దది. అందుకే రెండు డెనారియస్‌ల మధ్య పది శాతం తేడా కనబడితే నేను కంగారుపడను. పైగా వందేళ్ళు చేతులు మారిన నాణెం అరిగి కొంత బరువు పోగొట్టుకుంటుంది కూడా. మీ టైబీరియస్ 3.7 గ్రాములన్నారు కదా, అది ఉండాల్సినట్టే ఉంది. గుడ్డు ఆకారం, పగిలిన అంచు సుత్తి దెబ్బ గుర్తులు. పగులు లోపల కూడా వెండే కనబడుతోందా, రాగి ఎరుపు తొంగిచూస్తోందా అని మాత్రం ఒక లెన్స్ పెట్టి చూడండి.

ఈ బరువు నమ్మకం గురించి రోమన్ రచయిత ప్లినీ రాసిన ఒక ఉదంతం నాకు చాలా ఇష్టం. క్లాడియస్ చక్రవర్తి కాలంలో అన్నియస్ ప్లొకామస్ అనే పన్నుల గుత్తేదారు దగ్గర బానిసత్వం నుంచి విడుదలైన ఒక మనిషి అరేబియా తీరంలో గాలివాటున కొట్టుకుపోయి లంకలో తేలాడట. అతని దగ్గరున్న డెనారియస్‌ల మీద వేర్వేరు పాలకుల తలలున్నా బరువు మాత్రం ఒకటే ఉండటం చూసి, అక్కడి రాజు రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడని ప్లినీ చెప్తాడు. కథలో ఎంత పాలు నిజమైనా, ఆ రాజు ఆకారం వైపు చూడలేదు, బరువు చూశాడు. నాణేన్ని చూడాల్సిన పద్ధతి అదే.

ఆ నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. క్రీ.శ. 64లో నీరో పౌండుకు 84 బదులు 96 కొట్టించాడు. బరువు 3.4 గ్రాములకు దిగింది, మేలిమి కూడా తగ్గింది. డొమిషియన్ 82లో మళ్ళీ పైకి లేపాడు కానీ మూడేళ్ళకే వెనక్కి తగ్గాడు. 107లో ట్రాజన్ అరిగిన పాత నాణేలు వెనక్కి తీసుకుని కరిగించాడు. సెప్టిమియస్ సెవెరస్ దగ్గరికి వచ్చేసరికి డెనారియస్‌లో సగానికి సగం రాగే.

మీ రెండో నాణెం చిక్కు ఇక్కడే విడిపోతుంది. రాగి వెండికన్నా తేలిక లోహం. సగం రాగి కలిసిన బిళ్ళ అదే పరిమాణంలో తక్కువ తూగుతుంది. దానికి తోడు అసలు బరువు ప్రమాణమే తగ్గింది. అందుకే టైబీరియస్ నాణెం కన్నా వెడల్పుగా ఉండి కూడా 2.9 తూగింది. సెవెరస్ నాణేల్లో అది తక్కువవైపు ఉన్న బరువే, కానీ ఆ కాలానికి మామూలే. "మరి పైకి తెల్లగా వెండిలాగే ఉందే" అంటారేమో. ముద్ర వేసే ముందు బిళ్ళ పైపొరలోని రాగిని పులుపు ద్రావణంతో లాగేసేవారు. పైన వెండి పొర మిగిలేది. అందుకే అలాంటి నాణేన్ని గట్టిగా రుద్ది శుభ్రం చెయ్యకూడదు. పైపొర పోతే లోపలి రంగు బయటపడుతుంది, మళ్ళీ తిరిగి రాదు.

అక్కడినుంచి పతనం వేగంగా జరిగింది. 215లో కారకల్లా కొత్త నాణెం తెచ్చాడు. ఇవాళ దాన్ని ఆంటోనినియానస్ అంటాం. అయిదు గ్రాముల పైచిలుకు, 22 నుంచి 24 మిల్లీమీటర్లు. చక్రవర్తి తలమీద సూర్యకిరణాల కిరీటం, రాణి అయితే భుజాల కింద నెలవంక ఉంటాయి. డెనారియస్ చూడటం అలవాటైన కంటికి ఇది హఠాత్తుగా పెద్దగా కనబడుతుంది. రెండు డెనారియస్‌ల విలువకు చలామణీ చేశారని చాలామంది పండితుల అభిప్రాయం. లోపలి వెండి మాత్రం ఒకటిన్నర డెనారియస్‌కే సరిపోతుంది. యాభై ఏళ్ళు తిరిగేసరికి గాలియెనస్, రెండో క్లాడియస్‌ల కాలంలో అదే నాణెం చిన్నదై, వంకరై, అయిదు శాతం వెండి కూడా లేని రాగిబిళ్ళ అయింది. వెండి నాణేల గురించి మాట్లాడుతూ ఆ కాలపు నాణెం చూపిస్తే కొత్తవాళ్ళు నమ్మరు. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ మళ్ళీ మంచి వెండితో పౌండుకు 96 లెక్కన అర్జెంటియస్ కొట్టించాడు. కొన్నిటి మీద ఆ 96 అంకెనే రోమన్ అక్షరాల్లో వేశారు. కొత్త నాణేన్ని జనం నమ్మాలంటే లెక్క నాణెం మీదే చూపించాల్సి వచ్చిందన్నమాట.

సైజు తేడాల్లో ఇంకో పెద్ద కారణం, అన్ని రోమన్ వెండి నాణేలూ డెనారియస్‌లు కావు. చక్రవర్తులు రాకముందు, రిపబ్లిక్ కాలంలోనే డెనారియస్‌లో సగం క్వినారియస్, పావు సెస్టెర్షియస్ అని చిన్న వెండి బిళ్ళలుండేవి. వెండి సెస్టెర్షియస్ గ్రాము పైన కాస్త తూగుతుంది, చొక్కా గుండీ అంత ఉంటుంది. తూర్పు ప్రాంతాల్లో రోమన్లు పాత గ్రీకు అలవాటునే కొనసాగనిచ్చారు. ఎఫెసస్, పెర్గమమ్ వైపు మూడు డెనారియస్‌ల విలువున్న సిస్టోఫోరస్ పదకొండు, పన్నెండు గ్రాములుండేది. అలెగ్జాండ్రియా టెట్రాడ్రాక్మ్ పదమూడు గ్రాముల దాకా ఉంటుంది, మందం ఎక్కువ, వెండి తక్కువ. అందుకే అంత బరువున్నా ఒక్క డెనారియస్‌కే సమానంగా చెల్లేది. ఎవరైనా "రోమన్ వెండి నాణెం పదమూడు గ్రాములు ఉండదు" అని తేల్చి చెప్తే నమ్మకండి. ఏ ఊరి టంకశాలదో ముందు అడగాలి.

మూడో నాణెం, ఆ రంపపు పళ్ళది. దీని గురించి రాయాలంటే నాకు ఎంత రాసినా తనివి తీరదు. వీటిని సెర్రాటస్ అంటారు. రిపబ్లిక్ చివరి దశలో కొన్ని విడతలు ఇలా చేశారు. క్రీ.పూ. 118లో గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్) నార్బోలో వచ్చిన విడత మొత్తం ఇలాంటిదే. బిళ్ళ అంచున ఉలితో ఒక్కొక్క గాటూ చేత్తో పెట్టి, ఆ తర్వాత ముద్ర కొట్టారు. మీ నాణెం అంచును లెన్స్ కింద తిప్పి చూడండి. గాట్ల మధ్య దూరం సమానంగా ఉండదు, ఒకటి లోతుగా, పక్కది పైపైన ఉంటుంది. దెబ్బ పడ్డప్పుడు కొన్ని గాట్ల నోళ్ళు సాగి తెరుచుకుంటాయి. అలా ఉంటే మంచిదే. పళ్ళన్నీ గడియారపు చక్రంలా సమానంగా ఉంటేనే అనుమానించాలి.

ఎందుకు అలా చేశారన్నదానికి తరచూ చెప్పే జవాబు, లోపల రాగి లేదని చూపించడానికని. ఆ రోజుల్లో రాగి బిళ్ళకు వెండి రేకు చుట్టి ముద్ర కొట్టిన దొంగ నాణేలు నిజంగానే తిరిగేవి. కానీ గాట్లు పెట్టి, వెండి పూత వేసిన దొంగ సెర్రాటస్‌లు కూడా దొరికాయి. కాబట్టి ఆ కారణం ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. కారణం ఏదైనా జనానికి ఇవి నచ్చాయి. జర్మన్ తెగలవాళ్ళు పాతవీ, బాగా తెలిసినవీ అయిన రంపపు అంచు నాణేలనూ, రెండు గుర్రాల రథం బొమ్మ ఉన్నవాటినీ ఇష్టపడేవారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. మీ నాణెం బొరుసు వైపు టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకున్న మనిషి, ఎదురుగా కుక్క ఉంటే అది మామిలియస్ లిమెటానస్ క్రీ.పూ. 82లో వేయించినది. ఇరవై ఏళ్ళ తర్వాత ఇల్లు చేరిన గ్రీకు పురాణవీరుడు యులిసిస్‌ను ముసలి కుక్క ఆర్గోస్ గుర్తుపట్టే ఘట్టం అది. బొటనవేలి గోరంత చోటులో ఆ కుక్క మెడ ఎత్తి చూడటం చెక్కిన పనివాడి చెయ్యి చూసి తీరాలి. అలాంటిది మీ దగ్గరుంటే ఫోటో తప్పకుండా ఇక్కడ పెట్టండి.

నాలుగోది, హొనోరియస్. నాలుగో శతాబ్దం చివరి వెండి నాణేన్ని సేకర్తలు సిలిక్వా అంటారు. పలచన బిళ్ళ, మామూలుగా 16, 18 మిల్లీమీటర్లు, రెండు గ్రాముల లోపు. మీది 13 మిల్లీమీటర్లు, 1.1 గ్రాములు, అక్షరాలు లేవు, తల మాత్రం చెక్కుచెదరలేదు అన్నారు. అది టంకశాల నుంచి అలా రాలేదు. ఎవరో కత్తెరతో చుట్టూ కత్తిరించారు. అయిదో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌కు కొత్త నాణేలు రావడం ఆగిపోయాక అక్కడివాళ్ళు ఉన్నవాటి అంచులు కత్తిరించి ఆ వెండి వాడుకున్నారు. చక్రవర్తి ముఖం జోలికి మాత్రం పోలేదు. ముఖం ఉంటే నాణెం చెల్లుతుంది మరి. 1992లో సఫోక్‌లోని హాక్స్‌న్ దగ్గర దొరికిన నిధిలో దాదాపు 15,000 నాణేలుంటే, అందులో అత్యధికం సిలిక్వాలే, వాటిలో చాలావరకు ఇలా కత్తిరించినవే. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వీలైతే వెళ్ళి చూడండి. అమ్మకందారులు కత్తిరించిన సిలిక్వాలకు ధర తక్కువ కడతారు. నాకైతే నిండు నాణెం కన్నా ఇదే ముద్దు, ఎందుకంటే ఇది బ్రిటన్‌లో రోమన్ పాలన ముగిసే రోజులను చూసిన నాణెమని దాని అంచే చెప్తుంది.

మరి నకిలీని ఎలా పట్టాలి? ఆకారం వంకరగా ఉంటే భయం లేదు. ఒకే వంకర రెండు నాణేలకు ఉంటే భయపడాలి. ఒకే అచ్చుతో ఎన్ని నాణేలైనా వస్తాయి, బొమ్మ ఒకేలా ఉండొచ్చు. కానీ సుత్తి దెబ్బకు సాగిన అంచు రెండింటికి ఒకేలా రావడం అసాధ్యం. తెలిసినాయన ఒకరు మూడు అగస్టస్ నాణేలు తెచ్చి చూపించారు, ముగ్గురు వేర్వేరు అమ్మకందారుల దగ్గర కొన్నవి. మూడింటికీ చెవి పక్కన అదే పగులు, గడ్డం కింద అదే నొక్కు. ఒక అసలు నాణెం నుంచి మూస తీసి పోసినవి అవి. పోత నాణేలకు అంచున సన్నని అతుకు గీత, పైన చిన్న చిన్న గాలి బుడగల గుంటలు కూడా కనబడొచ్చు. ఆ గీత తెలియకుండా ఆకురాయితో అరగదీస్తారు. కాబట్టి అంచు మీద ఒకే దిశలో గీతలుంటే కొనకండి. కొనేముందు పదోవంతు గ్రాము కాదు, వందోవంతు చూపించే చిన్న త్రాసు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఖరీదు ఎక్కువేం కాదు.

ఇప్పుడు నల్గొండ సంగతి. మన ప్రాంతంలో రోమన్ నాణేలు దొరికిన మాట నిజమే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా వెండి డెనారియస్‌లు ఒక్కచోటే దొరికాయి, ప్రధానంగా అగస్టస్, టైబీరియస్‌లవి. దక్షిణాదిలో దొరికిన రోమన్ వెండిలో ఈ ఇద్దరివే ఎక్కువ. నీరో తగ్గించకముందు నాణేల్లో వెండి నిండుగా ఉండటంతో మన వర్తకులు వాటినే కోరుకున్నారని చాలామంది చరిత్రకారుల మాట. ఇది నాకూ సబబుగానే తోస్తుంది. అప్పటికే విద్ధాంక నాణేలతో, అంటే గుర్తులు గుద్దిన పాత భారతీయ వెండి బిళ్ళలతో, లావాదేవీలు చేసిన షరాబులు మనవాళ్ళు. ఆ నాణేలు చదరంగానో, మూలలు తెగ్గొట్టో ఉంటాయి. బరువు సరిచెయ్యడానికే ఆ మూలలు కత్తిరించేవారు. అలాంటివాళ్ళకు గుండ్రంగా లేని డెనారియస్ వింతగా అనిపించి ఉండదు. త్రాసులో పెడితే సరిపోయేది. దక్షిణాదిలో దొరికిన కొన్ని రోమన్ నాణేల మీద, వెండివైనా బంగారువైనా, చక్రవర్తి ముఖం మీదుగా ఉలి గాటు కూడా ఉంటుంది. అలాంటి గాటు కనబడినంత మాత్రాన ఎవరో పాడుచేశారని పారెయ్యకూడదు.

కానీ ఆ ఫోన్ మనిషి దగ్గర కొనకండి. నిజంగా పొలంలో దొరికినవైతే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధినైనా దొరికినవాళ్ళు జిల్లా కలెక్టర్‌కు తెలియజెయ్యాలి. దాచి అమ్మడం నేరం. 1972 నాటి పురావస్తువుల చట్టం వల్ల వందేళ్ళు దాటిన అలాంటి వస్తువును దేశం దాటించి మీకు పంపడం కూడా నేరమే. నిజంగా దొరికినవి కాకపోతే, అవి ఆ మూస పోత నాణేలే అయ్యుంటాయి. ఎటు చూసినా మీకు నష్టమే. దానికన్నా పెద్ద నష్టం, ఆ కుండలో ఎన్ని నాణేలున్నాయి, ఎవరివి ఎన్ని, ఎంత అరిగాయి, గాట్లు వేటికున్నాయి అన్న సమాచారం విడివిడిగా అమ్మేస్తే పూర్తిగా పోతుంది. అతను మీకు కాస్త తెలిసినవాడే అయితే ఒక్క నాణెం కూడా కడగకుండా, కుండతో సహా కలెక్టరాఫీసుకో పురావస్తు శాఖకో అప్పగించమని చెప్పండి.

మీ నాలుగింటి ఫోటోలు పెడితే ఇంకా వివరంగా చెప్పగలను. రెండు వైపులవే కాకుండా అంచు ఫోటోలు కూడా కావాలి, ముఖ్యంగా సెర్రాటస్‌ది. పక్కన స్కేలు పెట్టి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో తీయండి. బరువు వందోవంతు గ్రాము దాకా రాయండి.